చిల్లు పడని హంస

వాన వెలిస్తే చాలు, తుకియెమ్ కాఫీ కప్పు వదిలేసి టైర్ల మధ్యకు నడుస్తుంది. సలతిగ పట్టణం శివారులోని ఆమె దొడ్డికి ఏ పాత టైరు వచ్చినా, దాన్ని చెప్పుల అడుగులుగా కోయడానికి నెల పట్టినా సరే, నీరు నిలవకుండా ఆ పూటే చిల్లులు పొడుస్తుంది. తర్వాత టైరును ఊపి, చెవి ఆనించి, లోపల చుక్క కదిలినా పసిగడుతుంది. అందుకే ఆమె కుడిచెవి తమ్మె ఎప్పుడూ మసి పూసినట్టే ఉంటుంది. ఆమె దగ్గర చిల్లు పడకుండా బయటికి పోయిన టైరు ఒక్కటే. వీధిపెద్ద ప్రయిత్నో దాన్ని హంసలా కోయించి, లోపల పూలకుండీ పెట్టి గుమ్మం ముందు నిలుపుకున్నాడు. “చిల్లు పెడితే హంస అందం పోతుందమ్మా,” అని ఒప్పుకోలేదు.

వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చాక ఆయనే అన్నాడు: “ఈ శుక్రవారం తనిఖీలో నీ టైర్లలో ఒక్క దోమపిల్ల కనబడినా దొడ్డి ఎత్తేయాల్సిందే.” శుక్రవారం ఆరోగ్య కార్యకర్త ఎండాంగ్ టార్చి పట్టుకుని మూడొందల టైర్లూ వంగి వంగి చూసింది. “అక్కా, నా నడుం విరిగింది గానీ ఒక్క దోమపిల్లా దొరకలేదు,” అంది. వరసలో తర్వాతది ప్రయిత్నో ఇల్లు. కుండీ ఎత్తి హంస కడుపులోకి టార్చి వేయగానే నీళ్లలో తోకలు గిలగిలలాడాయి. “అయ్యగారూ, హంసకి సంతానం బాగానే ఉందండీ,” అంది ఎండాంగ్. వెంట వచ్చిన ఇరుగుపొరుగు కిసుక్కుమన్నారు. తుకియెమ్ నడుముకు దోపుకున్న ఉలి తీసింది. “ఇప్పుడైనా పొడవమంటారా, పెద్దయ్యా?” “పొడువమ్మా. నీ దొడ్డి జోలికి ఇక రాను,” అంటూ ఆయనే హంస మెడ పట్టుకున్నాడు. చిల్లు పడగానే నీరంతా ఆయన పాదాల మీదుగా పోయింది. ఆమె తొందరపడలేదు. హంస పొట్టకు చెవి ఆనించి, ఆఖరి చుక్క దాకా విని లేచింది.