మా ఇంటి మొదటి ఇల్లాలు

ఓ పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా విడుదలైనప్పుడు మొదటి ఆటకే వెళ్ళాననీ, దానికి మూలమైన నవలని అంతకుముందే ఒక్క రోజులో నమిలేశాననీ మా ఆవిడతో చెప్పాను. అది విడుదలయ్యేనాటికి నేను పుట్టనే లేదు. నవల సంగతంటారా, అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో దాని అట్ట చూశాను. అట్ట బాగుంది.

మా ఆవిడంటే ఇప్పటి ఆవిడ. మొదటావిడ పోయి ఆరేళ్ళయింది. నిరుడు, నలుగురూ నవ్వే వయసులో, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను. ఈమె లక్డీకాపూల్‌లో సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. తమ్ముళ్ళ చదువులూ పెళ్ళిళ్ళూ చూస్తూ తన పెళ్ళి మాట పక్కన పెట్టేసింది. వాళ్ళది సనత్‌నగర్, మాది ఏలూరు వైపు. పులుసులో బెల్లం ఎందుకన్నది మా మధ్య ఇంకా తేలని విషయం.

మెట్రో లైను వెనక సందులో మా ఫ్లాటు. ఆమె ఏం వండినా నాకు మొదటావిడ గుర్తొచ్చేది. గుర్తొస్తే ఊరుకుంటానా?

"ఆవిడ పప్పుచారు కాస్తే ఎదురు కోచింగ్ సెంటర్లో పిల్లలు క్లాసు వదిలేసి కిందికి దిగేవాళ్ళు. ఆవిడ పాట ఎత్తుకుంటే పంజాగుట్ట సిగ్నల్ దాకా హారన్లు ఆగిపోయేవి."

ఆమె తలూపుతూ వినేది. వంటింట్లో పోపుల డబ్బా కూడా ఉన్నచోటి నుంచి జరపలేదు. వారం వారం సనత్‌నగర్‌లో తమ్ముడింటికి పోయి సాయంత్రానికి వచ్చేసేది. తర్వాత్తర్వాత అక్కడే రెండు మూడు రోజులు ఉండిపోవడం మొదలైంది. ఓసారి వెళ్ళి ఇక రాదేమోనని నాకు భయం పట్టుకుంది. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం, చక్కటి ప్రేమకథ చూద్దువు గాని రమ్మని టీవీలో ఆ సినిమా పెట్టాను.

ప్రేమకథే. కాకపోతే అందులో ఒక బెదురు పిల్ల, భార్య పోయిన పెద్దమనిషిని పెళ్ళాడి కోటలాంటి ఇంటికి వస్తుంది. మొదటి భార్య తెర మీద ఎక్కడా కనపడదు గానీ, ఇల్లంతా ఆవిడే. తాళాల గుత్తి పట్టుకుని తిరిగే ముసలి పనిమనిషి ఒకతె, పెద్దమ్మగారైతే ఇలా చేసేవారు, అలా చేసేవారు అంటూ ఆ పిల్ల ప్రాణం తోడేస్తుంటుంది. ఇదంతా సినిమా సగమయ్యాక గానీ నాకు తెలియలేదు. రిమోట్ కోసం తడుముకున్నాను.

"ఉండనియ్యుండ్రి, మస్తుగుంది," అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

టీ పెడతానని లేచాను. గోడ మీద గంధపు దండ వేసుకుని మొదటావిడ ఫోటో నవ్వుతోంది. ఎందుకొచ్చిన గొడవని దాన్ని చప్పుడు కాకుండా దించి బీరువాలో పెట్టేశాను.

సినిమా అయిపోయింది. ఆమె ఖాళీ గోడ వంక చూసింది.

"అక్క ఏది?"

మొదటావిడని ఆమె ఎప్పుడూ అక్క అనే అంటుంది.

"దుమ్ము పట్టిందనీ, బీరువాలో..."

"దుమ్ము పడితే తుడుస్తరు గని బీరువల పెడ్తరా?"

"ఈ సినిమా చూసి నువ్వు బాధపడతావేమోనని."

"అక్కతోని నాకేం బాధ లేదు. తాళాల గుత్తి ముసల్దానితోనే బాధ."

"అది సినిమాలో కదా."

"కాదు, మీరే గా ముసల్ది."

చేతిలో రిమోట్ పక్కన పెట్టాను. ఆమె మెల్లగా చెప్పుకుపోయింది.

"మా దిక్కు రెండో పెండ్లామై వచ్చిన ఆడిది కొత్త చీర తెచ్చి అక్క ఫోటో ముంగట పెడ్తది. తర్వాత అక్కనే ఇచ్చిందనుకొని కట్టుకుంటది. గట్ల కట్టుకుంటేనే గా ఇల్లు ఆమెదైతది. నేనింకా ఆ చీర కొననే లేదు. మీరు చెప్పే ఆమెకు ఏం చీర పెట్టాల్నో సమజ్ కాలే. గంత గొప్ప మనిషి నా చీర ముట్టుకుంటదా? జర నిజం చెప్పుండ్రి, అక్క ఎసుంటిది?"

"వంట రాదు," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

"పప్పుచారుకి ఏ పిల్లలూ దిగలేదు. ఏం మాడుతోందని వాచ్‌మన్ ఒకసారి పైకొచ్చాడు. పాటంటావా, పళ్ళెం కింద పడ్డట్టుండేది. అష్టాచెమ్మాలో దొంగాట ఆడి, పట్టుకుంటే నామీదే అలిగేది. రంగుల తెలివి అసల్లేదు. కళ్ళు చెదిరే ఊదారంగు చీర కట్టుకుని, ఎలా ఉన్నానని అడిగేది. నిద్రలో నా చొక్కా అంచు పట్టుకుని..."

ఆ పైన చెప్పలేక, ఆ చొక్కా అంచుతోనే కళ్ళు తుడుచుకున్నాను. ఆరేళ్ళుగా నేను అబద్ధాలు ఎందుకాడుతున్నానో అప్పుడు నాకే తెలిసింది. వాటిని నవ్వుతూ చెప్పొచ్చు. నిజాలైతే ఇదిగో, ఇలా అవుతుంది.

ఆమె లేచింది. బీరువా తలుపు తీసి, ఫోటోని కొంగుతో తుడిచి మేకుకి తగిలించింది.

"వంట రాదా అక్కా నీకు?" అని నవ్వింది.

మర్నాడు పంజాగుట్టలో బట్టల దుకాణానికి నన్ను లాక్కుపోయింది. కుర్రవాడు పరిచిన నెమలికంఠాలూ గంధం రంగులూ పక్కకి నెట్టి, అడుగునున్న ఊదారంగు చీర బయటికి లాగింది. చూస్తే కళ్ళు మండాయి. డబ్బులు తీసి ఇచ్చాను. ఇంటికొచ్చాక దాన్ని ఫోటో ముందు పెట్టి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుంది. లోపలికెళ్ళి కట్టుకొచ్చింది.

"ఎట్లున్న?"

"మహాలక్ష్మిలా ఉన్నావు."

"నిజం చెప్పుండ్రి."

"నీకు నప్పలేదు. ఆవిడకీ నప్పేది కాదు."

ఆ మాటకి ఆమె ఎందుకంత సంతోషపడిందో. తమ్ముడికి ఫోను కలిపింది.

"నేను ఈ వారం రానురా. మీరే రాండ్రి. అక్క నాకు చీర పెట్టింది, చూద్దురు గని."