దండ వేసిన అన్నయ్య

ఏలూరులో మా పక్కవాటా అన్నయ్య రేడియోలో పాటల కార్యక్రమం చేసేవాడు. పాలు పోయించుకుంటూ కూడా "మీ అభిమానానికి ధన్యవాదాలండీ" అని మైకు గొంతుతోనే అనేవాడు. కైకలూరు చేపల చెరువుల దగ్గర్నుంచి కూడా ఆ గొంతు కోసం ఫోన్లు చేసేవారు. ఎదురుపడితే మాట్లాడలేని నేనూ పేరు మార్చుకుని ఒకసారి చేశాను.

ఆ గొంతునే నమ్ముకుని హైదరాబాదు వెళ్లి టీవీ సీరియల్లో వేషం సంపాదించాడు. హీరోయిన్‌కి పోయిన మొగుడి వేషం. రోజూ గోడమీద దండ వేసిన ఫొటోగా కనిపించేవాడు. వాళ్లమ్మగారు టీవీకి వీపు పెట్టి కూర్చుని వాడికి ఫోన్ చేసేవారు.

"బతికున్న బిడ్డకి దండేంట్రా? మానేసి వచ్చెయ్యి."

"కీలకమైన పాత్రమ్మా. హీరోయిన్ రోజూ నా ముందే ఏడుస్తుంది. ఫ్లాష్‌బ్యాక్ వస్తే డైలాగులన్నీ నావే."

ఫ్లాష్‌బ్యాక్ రానే వచ్చింది. ఆ రోజు అన్నయ్య ఊరొచ్చి మా అందరి మధ్యా కూర్చున్నాడు. తెరమీద నోరు తెరిచాడు. వినిపించింది వేరెవరిదో గొంతు. తనకు చెప్పకుండానే డబ్బింగ్ చెప్పించేశారు. అన్నయ్య తల దించుకున్నాడు.

వాళ్లమ్మగారు మాత్రం మొదటిసారి టీవీ వైపు తిరిగారు.

"విన్నారాండీ?" అన్నారు మా అమ్మతో, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. "ఆ గొంతు మావాడిది కాదు. అయితే ఆ పోయినవాడూ మావాడు కాదన్నమాట."