ఎల్లవ్వ అరుగెక్కిన సాయంత్రం

మా చిన్నప్పుడు... పొద్దుగూకే వేళకు మా ఇంటి అరుగు నిండిపోయేది. హైదరాబాదు నుంచి బస్సులో తెలుగు పేపరు వచ్చేది. నిన్నటిదే, అయినా మాకు అదే తాజా! మా బాపు గట్టిగా చదివేవాడు, వాడకట్టంతా వినేది.

దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ముందు ఏడాది సంగతి. నాకు ఎనిమిదేళ్లు. అప్పుడు దక్షిణాఫ్రికా వార్తలు వస్తుండేవి. కొన్ని జాగాల్లో మన దేశం నుంచి వలసపోయినవాళ్లు ఉండొద్దని అక్కడి తెల్లవాళ్లు చట్టం చేశారట. మనవాళ్లు సరిగ్గా అలాంటి జాగాలోనే డేరాలు వేసుకుని కూర్చున్నారట... పోలీసులు పట్టుకుపోతే ఇంకొకరు వచ్చి కూర్చునేవారట. ఆడవాళ్లు కూడా!

ఆ దేశం ఏ దిక్కున ఉందో మాలో ఒక్కరికీ తెలియదు. మా ఊరి కోమటి చెరువును మించిన నీళ్లు చూడని మా వాడకట్టు రాజయ్య మామ మాత్రం మగ్గం దిగి నేరుగా మా ఇంటికే వచ్చేవాడు.

"ఇయ్యాల ఎంతమందిని పట్కపోయిన్రు బావా? తోలు రంగు జూసి కూసోవద్దంటరా! ఏం మనుషులు ఆళ్లు!" అని పళ్లు కొరికేవాడు.

అరుగు కింద, వీధిలో నిలబడి లచ్చవ్వ వినేది. మా పశువుల కొట్టం ఊడ్చేది ఆమే. వాళ్ల కులంవాళ్లను ముట్టుకోకూడదు, అరుగెక్కనివ్వకూడదు అనే పాడు రోజులవి. ఆమె కూతురు ఎల్లవ్వ నా ఈడుది. కొట్టం వెనక మేమిద్దరం గచ్చకాయలు ఆడేవాళ్లం... మా అమ్మకు తెలియకుండా.

ఒకరోజు బాపు పేపరు మడిచి, "ఉత్తగ కూసునుడే వాళ్ల లడాయి. ఎంత ధైర్నం! మనిషంటే గట్లుండాలె" అన్నాడు. తల్లి పక్కన నిలబడి ఎల్లవ్వ నోరు తెరుచుకుని వింది.

మర్నాడు సాయంత్రం అందరికంటే ముందే వచ్చి అరుగు మీద కూర్చుంది! తలకు నూనె రాసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని... నాకు ఎంత సంబరమో! పోయి పక్కనే కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను.

రాజయ్య మామ వస్తూనే చూశాడు. "ఓ పిల్లా, దిగు!"

ఎల్లవ్వ బాపు వైపు చూసింది. "కూసున్నోళ్లను మంచోళ్లంటివి గద పటేలా..."

బాపు దిగమనలేదు... ఉండమనీ అనలేదు. చేతిలోని పేపరు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో లచ్చవ్వ పరుగున వచ్చి, "తప్పయింది పటేలా, తెల్వని పోరి" అంటూ కింద నుంచే కూతురి చెయ్యి పట్టి లాగింది. రెండో చెయ్యి నా చేతిలోనే ఉంది... నేను వదిలేశాను.

ఆ రోజు బాపు పేపరు చదవలేదు. మర్నాడు మళ్లీ చదివాడు, రాజయ్య మామ మళ్లీ పళ్లు కొరికాడు. కింద వీధిలో మాత్రం ఎవరూ లేరు. లచ్చవ్వ కూతుర్ని తీసుకుని తొగుట వైపు పోయిందన్నారు. నేను చాలా రోజులు గచ్చకాయలు పట్టుకుని కొట్టం వెనక ఎదురుచూశాను.

చివరి రోజుల్లో బాపు ఒకసారి తనంతట తానే అన్నాడు. "ఉండనీ అని ఒక్క మాటంటే అయిపోతుండె బిడ్డా... నోరు రాలే."

ఇప్పుడు ఏ దేశంలోనో రంగు చూసి మనిషిని కొడితే లోకమంతా వీధుల్లోకి వస్తోంది. మనవరాలు ఫోన్లో చూపిస్తుంటే నాకు కళ్లు నిండుతాయి. వెంటనే మా అరుగు గుర్తొస్తుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అదీ పోయింది. ఎల్లవ్వ ఉంటే నాలాగే పండు ముసలిదై ఉంటుంది... ఒక్కసారి కనపడితే ఎంత బాగుండు!

మీ ఇళ్ల ముందు కింద నిలబడి విన్నవాళ్లెవరు? పేర్లు గుర్తుంటే రాయండి... తొగుట వైపు వాళ్లెవరైనా ఇది చదివితే, ఎల్లవ్వ అనే ముసలమ్మ ఉందేమో కాస్త అడగండి. ఆ రోజు చెయ్యి వదిలేసిన పిల్ల ఇంకా వెతుకుతోందని చెప్పండి.