దిబ్బ మీది అవ్వ పగ

నా చిన్నప్పుడు కోరింత దగ్గు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. చేవెళ్ళ బజారులో మాకు కిరాణా దుకాణం ఉండేది. వెనక గదిలోనే మా కాపురం. ఎండుమిర్చి బస్తాల ఘాటుకు నా దగ్గు ఇంకా పెరిగేది. దవాఖాన మందులు తాగించారు, మెడలో తాయెత్తు కట్టించారు, ఏదీ పని చెయ్యలేదు. చివరికి ఎవరో గాలి మార్పు కావాలన్నారు. మా బాపు బాగా ఆలోచించి నన్ను తీసుకుపోయి హిమాయత్‌సాగర్ చెరువు నీళ్ళ నడుమ, ఒక దిబ్బ మీద ఉండే కుటుంబం దగ్గర దింపి వచ్చాడు. వాళ్ళు పండించిన ఖర్బూజలు చేవెళ్ళ అంగడికి తెచ్చి మా దుకాణం ముందే బండి విప్పేవాళ్ళు. మాకు వాళ్ళతో పరిచయం అట్లా అయింది.

మొన్న మా మనవరాలు ఫోన్లో నీళ్ళ మధ్య ఉన్న ఒక ఇంటి బొమ్మ చూపించి, దీన్ని హోమ్‌స్టే అంటారు అమ్మమ్మా అన్నది. ఊరివాళ్ళ ఇంట్లో వాళ్ళతోపాటే ఉండి, వాళ్ళు వండింది తినాలట. నేను చలి తగ్గేటప్పుడు వెళ్ళి ఎండలు ముదిరేదాకా ఆ పనే చేశానన్నాను. నవ్వింది. అక్కడ నేను దగ్గు పోగొట్టుకుని పగ నేర్చుకుని వచ్చానని మాత్రం దానికి చెప్పలేదు.

దిబ్బ మీద ఉండేది ఇద్దరే. ఒక ముసలి అవ్వ, ఆమె కొడుకు. అతన్ని నేను అన్న అని పిలిచేదాన్ని. మేము నీచు ముట్టనివాళ్ళమని అవ్వ నాకోసం కొత్త కుండ తెచ్చి, వేరే పొయ్యి మీద పప్పు వండేది. మొదట్లో వాళ్ళ పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుంటే ముక్కు మూసుకునేదాన్ని. నెల తిరిగేసరికి ఆ వాసనకి నాకు ఆకలి వేసేది. మా ఇంట్లో ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఎండలు మొదలైతే చెరువు వెనక్కి జరుగుతూ దిబ్బ చుట్టూ నల్లటి ఒండ్రు నేల వదిలేది. వాళ్ళ బతుకంతా ఆ నేల మీదే. గుంతలు తీసి, పెంట ఎరువు వేసి, ఖర్బూజ విత్తనాలు పెట్టి, కుండలతో నీళ్ళు మోసి పోసేవాళ్ళు. ఒక గుంత అవ్వ నాకు ఇచ్చింది. "ఇది నీది బిడ్డా, నీళ్ళు నువ్వే పొయ్యాలె" అన్నది. అంతకు ముందు నాది అని చెప్పుకునే వస్తువు నాకు ఏదీ లేదు, గౌన్లు కూడా మా అక్క వదిలేసినవే. తీగె సాగింది, పూసింది, ఒక కాయ నిలిచింది. కాకులు పొడవకుండా దాని మీద గడ్డి కప్పి, రోజూ పొద్దున్నే గడ్డి తీసి చూసుకుని మళ్ళీ కప్పేదాన్ని.

ఒడ్డున ఉన్న ఊరికి ఒక పటేలు ఉండేవాడు. ఆ దిబ్బ తనదని అతను, తాతల నాటి నుంచి ఉంటున్నాం కాబట్టి మాదేనని వీళ్ళు. పట్నం షావుకారు ఒకాయన నీళ్ళ నడుమ బంగళా కట్టుకుంటానని ఆశపడడంతో పటేలుకు తొందర ఎక్కువైంది. కాయలు పండే వేళకు ఒక తెల్లవారుజామున తన బర్ల మందనంతా నీళ్ళలోకి తోలించాడు. అప్పటికి ఒడ్డుకీ దిబ్బకీ మధ్య ఇంకా నీళ్ళు లోతుగానే ఉన్నాయి. బర్లు ఈదుకుంటూ వచ్చి తోటంతా మేసి, తొక్కి పోయాయి. పొద్దున లేచి చూస్తే నా కాయ నడుమ గిట్ట దిగిన గుంట ఉంది, అందులో బురద నీళ్ళు ఉన్నాయి.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లకి అంత కోపం ఉంటుందంటే ఎవరూ నమ్మరు. పటేలు చచ్చిపోవాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఎట్లా చావాలో కూడా దేవుడికి వివరంగా చెప్పాను.

అవ్వ నన్ను వెంటబెట్టుకుని పుట్టి పడవలో ఒడ్డుకు పోయి పటేలు ఇంటి ముందు నిలబడి అడిగింది. అతను మంచం మీద నుంచి లేవలేదు. "బర్లకేం ఎరుక ముసలిదానా, అది నీ తోటని? తీగెకొక బోర్డు కట్టుకో" అని నవ్వాడు. "ఎట్లైనా దిబ్బ ఖాళీ జేసే దినం దగ్గరికొచ్చింది, మూటముల్లె సదురుకో" అని కూడా అన్నాడు. అవ్వ నన్ను మళ్ళీ పుట్టి ఎక్కించుకుని తిరిగి వచ్చేసింది. నాకు అవ్వ మీద కూడా కోపం వచ్చింది.

మర్నాడు నేను తుమ్మ ముళ్ళు ఏరి తెచ్చి, బర్లు ఒడ్డెక్కే చోట గుచ్చుతుంటే అవ్వ చూసి నా చెయ్యి పట్టుకుంది. "బర్లేం జేసినయ్ బిడ్డా? తోలించినోడు వేరే గదా. పగ పట్టాలంటె సరిగ్గ చూస్కొని పట్టాలె" అని ముళ్ళన్నీ తీయించింది. పగ వద్దని మాత్రం అనలేదు. నేను ఆ సంగతి గమనించాను.

ఎండలు ముదిరి మధ్యలో నీళ్ళు కూడా చాలావరకు ఇంకిపోయాయి. ఒడ్డు నుంచి దిబ్బకు నడిచి పోవచ్చు, కానీ దారి తెలిసి ఉండాలి. ఒక పక్క పిక్కలోతు నీళ్ళు ఇంకా నిలిచి ఉండేవి. అటు దిగడానికి చూసినవాళ్ళెవరికీ మనసొప్పదు, కానీ కింద మొరం నేల, బండి పోయినా దిగబడదు. ఇంకో పక్క నేల ఎండి, పర్రెలు పడి, నేరుగా దిబ్బ దాకా కనబడేది. అది పైపొర మాత్రమే. లోపలంతా ఊబి. పటేలు బర్లను తోలించడమే గానీ తను ఎన్నడూ ఆ బురదలో కాలు పెట్టినవాడు కాడు.

ఒకరోజు ఒడ్డున జీపు చప్పుడు వినబడింది. కొత్తగా కొన్న జీపులో పట్నం షావుకారునీ ఆయన భార్యనీ ఎక్కించుకుని, దిబ్బ దాకా మోటారు పోతుందని చూపించడానికి పటేలు తనే నడుపుకుంటూ వచ్చాడు. బేరం కుదిరితే అవ్వ వాళ్ళకు నిలవ నీడ ఉండదు. అవ్వ నా చెయ్యి పట్టుకుని నీళ్ళ దారిలో గబగబా ఒడ్డుకు నడిచింది. జీపు ముందు నిలబడి దండం పెట్టింది.

"పటేలా, ఎండిన దిక్కు పోకుండ్రి. పైన పొర ఒక్కటే ఎండింది, లోపల ఊబి ఉన్నది. నీళ్ళున్న దిక్కు రాండ్రి, కింద అంత మొరమే, ఫికర్ లేదు" అన్నది. ఆమె అంత మర్యాదగా మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కాయను తొక్కించినవాడికి దారి చూపిస్తుందా! చెప్పొద్దని కొంగు పట్టుకుని గుంజాను.

పటేలు నీళ్ళ వైపు చూశాడు, ఎండిన నేల వైపు చూశాడు, షావుకారు వైపు తిరిగి నవ్వాడు. "చూసిండ్రా? నా జీపు నీళ్ళల్ల ఆగిపోవాలని దీని ఎత్తు. తోట పోయిందని మంట దీనికి. ఇది చెప్పినదానికి ఉల్టా పోతె సరి" అని ఎండిన వైపే తిప్పాడు.

ముందు చక్రాలు పర్రెల మీదికి ఎక్కేసరికి అవ్వ నా చేతిలో నుంచి కొంగు లాక్కుని జీపు వెంట పరుగెత్తింది. "వద్దు పటేలా! నా మాట ఇనుండ్రి! అమ్మా, మీరన్న దిగుండ్రి!" అని గొంతు చించుకుని అరిచింది. పటేలు ఇంకా వేగంగా పోనిచ్చాడు. కొంత దూరం బాగానే పోయింది. తర్వాత పెరుగు మీది మీగడ చిరిగినట్టు నేల చిరిగి, జీపు ముక్కు కిందికి పెట్టి, ఆగకుండా దిగబడసాగింది.

దిబ్బ మీద నుంచి చూసిన అన్న, గుడిసె తలుపు తడికా, పశువుల కొట్టం తడికలూ ఊడబెరికి తెచ్చి ఊబి మీద పరిచాడు. ముందు ఆ పట్నం అమ్మను లాగారు, తర్వాత ఆమె భర్తను. ఆఖరికి పటేలు అవ్వ గుడిసె తడిక మీద మోకాళ్ళతో, చేతులతో పాకుతూ వచ్చాడు. కండువా లేదు, చెప్పులు లేవు, మీసాల నిండా బురద. ఆ రోజు నాకు కలిగినంత సంతోషం తర్వాత నా పెళ్ళిలో కూడా కలగలేదు.

దిబ్బ మీదికి గట్టెక్కగానే పటేలు అవ్వ మీదికి లేచాడు. కావాలనే ముంచావన్నాడు. షావుకారే అడ్డం వచ్చాడు. "ఆమె రెండుసార్లు చెప్పిందయ్యా. నేను విన్న, నా భార్య విన్నది. నువ్వే ఉల్టా పోదామంటివి" అన్నాడు. అవ్వ వాళ్ళ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పోసింది, తాగడానికి మజ్జిగ ఇచ్చింది. పటేలు కూడా తలెత్తకుండా తాగాడు. జీపును మింగిన చోట బంగళా ఎట్లా కడతామని షావుకారు నీళ్ళ దారిలో నడిచి పోయి మళ్ళీ ఆ దిక్కు రాలేదు. ఎడ్లను కట్టి లాగించినా జీపు రాలేదు. నేను ఇంటికి వచ్చేశాక వానలు పడ్డాయి, చెరువు నిండి దాన్ని కప్పేసిందని అన్న మా దుకాణానికి వచ్చినప్పుడు చెప్పాడు. ఊళ్ళో పిల్లలు కూడా పటేలు ఎదురైతే "ఉల్టా పోదామా" అని ఒకరితో ఒకరు అనుకునేవాళ్ళు. అతను దిబ్బ మాట ఎత్తడం మానేశాడు. నాకు తెలిసినంత కాలం అవ్వ వాళ్ళు అక్కడే ఉన్నారు.

ఆ సాయంత్రం అవ్వ పక్కన కూర్చుని, అతను నమ్మడని నీకు ముందే ఎరుకనా అని అడిగాను.

"ఎరుకే బిడ్డా. మందిని ముంచేటోనికి ఎవలు నిజం చెప్పినా అబద్ధం లెక్కనే ఇనొస్తది. నమ్మడని ఎరుకయ్యే చెప్పిన. పగతోనే చెప్పిన" అన్నది.

మరి వెంటబడి మళ్ళీ ఎందుకు అరిచావని అడిగాను.

"గప్పుడు నిజంగనే చెప్పిన. లోపల ఆ ఆడిమనిషి మొఖం చూసినంక నా పానం ఆగలే" అన్నది.

పగ మంచిది కాదని పెద్దలు చెబుతారు. నేనూ పెద్దదాన్నే, కానీ ఆ మాట నా నోట రాదు. నా బతుకులో కూడా పటేళ్ళు తగిలారు, మా వాళ్ళలోనే తగిలారు. నాకు చెడు చేసినవాళ్ళకి నేను ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. నలుగురి ముందు, మర్యాదగా, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ముసలిది ఏదో ఎత్తు వేస్తుందనుకుని వాళ్ళు ఉల్టా పోతారు. వాళ్ళ వెంట వాళ్ళ పెళ్ళాం బిడ్డలు కూడా పోతుంటారు, అది నాకు కనబడుతూనే ఉంటుంది. మొదటిసారి చెప్పడం నాకు అవ్వ దగ్గర బాగా వచ్చింది. రెండోసారి చెప్పడం ఇంకా రాలేదు.