రూతక్క నమ్మిన ఒక్క అంచనా

మొన్న రక్తపరీక్షకని వెళ్తే, నర్సు నా మోచేతి మడతలో స్పిరిట్ దూదితో రుద్దింది. ఘాటు ముక్కుకెక్కింది. సూది ఇంకా గుచ్చనే లేదు, నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అంత భయమా మేడం?" అని నవ్విందా అమ్మాయి. భయం కాదమ్మా, సిగ్గు అని ఎలా చెప్పను? ఆ వాసన నాకు ఆసుపత్రిది కాదు. మేడ్చల్ బస్టాండు వెనక సందులో రూతక్క నడిపిన వీడియో గేమ్ దుకాణానిది. అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, గేమ్ క్యాసెట్ల రాగి పళ్ల మధ్య మురికి తీసేదామె. క్యాసెట్ ఆడకపోతే ఊళ్లో అందరూ నోటితో ఊది పెట్టేవాళ్లు. రూతక్క ఊదనిచ్చేది కాదు. "ఉమ్మి వడితె తుప్పు వడ్తది. నోళ్లు మూస్కోండ్రి!" అని కసిరేది.

తొంభైల మధ్యలో నేను ఎనిమిదో తరగతి. రూతక్క భర్త సూరారంలో ఫ్యాక్టరీకి వెళ్లేవాడు. ఆమె ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది, మిగతా ఆరు రోజులూ అద్దె ఇంటి ముందుగదిలో రెండు టీవీలు పెట్టి గేమ్‌లు ఆడించేది. ఆడపిల్లలెవరూ ఆ గడప తొక్కేవాళ్లు కాదు. నేను ట్యూషన్‌కు పోతూ రోజూ కిటికీ దగ్గర కాళ్లు నొప్పి పుట్టేదాకా నిలబడేదాన్ని. ఒకరోజు రూతక్క బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆడివిల్లలు ఆడొద్దని క్యాసెట్ మీద రాసుందా? లోపటికి రా పిల్లా." నేను సంకోచిస్తుంటే రిమోట్ చేతిలో పెట్టేసింది. ఆ రోజు మొదటి నిమిషంలోనే చచ్చిపోయి, "ఇది మంచి గేమ్ కాదక్కా" అని మూతి ముడిచాను. "పదిసార్లు ఆడు. అప్పుడు జెప్పు, మంచిదో కాదో" అంది. నేను తర్వాత చదివిన పెద్ద చదువుల్లో ఇంతకన్నా పనికొచ్చే ముక్క ఎవరూ చెప్పలేదు. నేనే దాన్ని గాలికొదిలేశాను.

కొన్నేళ్లకు క్యాసెట్లు పోయి సీడీలతో ఆడే పెట్టెలు వచ్చాయి. రూతక్క ఒకటొకటిగా నాలుగు పెట్టెలు కొంది. ఏ పెట్టెకు ఏ రిమోటో గుర్తుండాలని రెండింటి మీదా గోళ్లరంగుతో చుక్కలు పెట్టింది. అప్పట్లోనే పేపర్లలో కొత్త పెట్టెల గురించి జోస్యాలు మొదలయ్యాయి. ఫలానా పెట్టె రాజ్యమేలుతుంది, ఫలానాది ఏడాదిలో మునుగుతుంది అని విశ్లేషకుల అంచనాలు. రూతక్క ఆ ముక్కలు కత్తిరించి గోడకు అంటించేది. ఏడాది తిరిగాక కుర్రాళ్లందర్నీ పిలిచి తీర్పు చెప్పించేది. తప్పిన అంచనా మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద ఇంటూ గీసేవాళ్లు. గోడంతా ఇంటూలే. "ప్రవక్తలు బైబిల్లనే అయిపోయిండ్రనుకున్న. మళ్ల వుట్టిండ్రు చూడు" అనేది నవ్వు ఆపుకోలేక. పాలిటెక్నిక్ చదివే ఇమ్రాన్ అందరికన్నా గట్టిగా ఎగతాళి చేసేవాడు. "గీ లెక్కలేసెటోళ్లు ఒక్కపారన్న రిమోట్ వట్టిండ్రా అక్కా? అంత ఫాల్తు ముచ్చట!" నేనూ వాళ్లతో కలిసి పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

ఆ లెక్కలు వేసేవాళ్లలో చివరికి నేనూ చేరాను. ఎంబీఏ అయ్యాక బేగంపేటలో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. విదేశీ కంపెనీలకు మార్కెట్ నివేదికలు రాసివ్వడం మా పని. రెండువేల ఆరు ప్రాంతంలో కొత్త తరం గేమ్ పెట్టెల నివేదిక నా బల్ల మీదికొచ్చింది. ఆ గదిలో నాకు తెలిసినంతగా ఆ పెట్టెల సంగతి ఎవరికీ తెలియదు. అందుకే చిత్తుప్రతిలో ఒక పేరా రాశాను: మన దగ్గర చిన్న ఊళ్ల దుకాణాల్లో పాత పెట్టెలు ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి, కొత్తదాని డిస్కులు ఖరీదు, వాటికి నకళ్లు దొరకవు, గంటకింత అని ఆడేవాళ్లకు అది అందదు. మా మేనేజర్ చదివి కళ్లజోడు తీశాడు. "ఇదెక్కడి సమాచారం స్వరూపా?" అని అడిగాడు. మేడ్చల్లో మా రూతక్క దుకాణం అనాలి. ఆ పేరు నోటిదాకా వచ్చింది. ఇంగ్లిషు మాట్లాడే ఆ ఏసీ గదిలో అలా అనడానికి నాకు నామోషీ వేసింది. "ఊరికే అనుకున్నాను సార్" అన్నాను. "అనుకున్నవి వద్దు. తీసెయ్" అన్నాడు. తీసేశాను. మిగిలిందేమిటంటే, పాత పెట్టెల పని ఏడాదిలో అయిపోతుంది, కొత్తదే అంతటా ఏలుతుంది. ఒక తెలుగు పేపరు వ్యాపారం పేజీలో దాన్ని నా పేరుతో వేసింది.

ఆ ఆదివారం పేపరు చంకలో పెట్టుకుని మేడ్చల్ వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే గొప్ప చెప్పుకోవడానికే, ఇంకెందుకు! అప్పటికే రూతక్క ఆ ముక్క కత్తిరించి చేతిలో పట్టుకుని ఉంది. ఇమ్రాన్ ఎర్ర పెన్ను తీశాడు. "అక్కా, గిది గోడకే. మన స్వరూప రాసినా అంచనా అంచనానే." వాడు చెప్పింది సరి. రూతక్క మాత్రం వాడి చేతి మీద ఒక్కటి వేసింది.

"గోడకెందుకు వెడ్తవ్ర? గోడ మీదియి ఎవలో మొకం తెల్వనోళ్లయి. ఇది మన పిల్లది. మన దగ్గర ఆడి నేర్సుకున్నది." తర్వాత నా వైపు తిరిగింది. "ఏందే, నిజమేనా? పేపర్ల అంచనా అని రాసిండ్రు. నాకు అంచనా గించనా వద్దు. నువ్వు మాట జెప్పు."

మాట అంటే ఆమె దగ్గర ఒట్టుతో సమానం. నేను తీసేసిన పేరా ఒక్కటి చెబితే చాలు. ఇమ్రాన్ నవ్వుతున్నాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. కుర్రాళ్లందరి ముందు నా పేరున్న ముక్కకు ఎర్ర ఇంటూ పడుతుందేమోనన్న రోషంతో, "మాటే అక్కా. వందకు వంద" అన్నాను.

ఆమె ఆ ముక్కను బైబిల్లో పెట్టుకుంది.

రెండు నెలల్లో నాలుగు పాత పెట్టెలూ సూరారంలో ఒక దుకాణానికి అమ్మేసి, కొత్త పెట్టె ఒకటీ పెద్ద టీవీ ఒకటీ తెచ్చింది. మొదట్లో జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు, చూడటానికి. ఆడటానికి ఇద్దరికే వీలు. డిస్కులు రెండే. అవి ఎన్నిసార్లని ఆడతారు? ఒకరి తర్వాత ఒకరు రావడం మానేశారు. తర్వాతి ఏడాది దుకాణం మూతపడింది. అప్పటికి ఇమ్రాన్ సూరారంలోనే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఫోన్ చేసి చెప్పాడు: "రూతక్క డబ్బాలు ఈడనే ఉన్నయి. గోళ్లరంగు చుక్కలు గట్లనే ఉన్నయి. పొద్దుందాక ఖాళీ లెవ్వు." నన్ను ఒక్క మాట అనలేదు వాడు. అని ఉంటే బాగుండేది.

షామీర్‌పేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ మెస్‌లో రూతక్క పనికి కుదిరిందని కూడా వాడే చెప్పాడు. అక్కడికి వెళ్లడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆటోలో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను: అక్కా, నాకు ముందే తెలుసు, తెలిసే చెప్పలేదు. ఆమె నన్ను చూడగానే తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉరికొచ్చింది. లోపలికి లాక్కెళ్లి తోటి ఆడవాళ్లకు చూపించింది. "మా పిల్ల. పేపర్ల వస్తది ఈమె పేరు. పెద్ద పెద్ద కంపెనీలోళ్లు ఈమెను అడిగే అడుగేస్తరు."

"అక్కా, దుకాణం..." అని మొదలుపెట్టాను.

"అది నా తెలివితక్కువతనం పిల్లా. నువ్వు జెప్పింది సిటీ ముచ్చట. నేను మేడ్చల్ల వెట్టిన. సిటీల వెట్టుకుంటె మస్తు నడుస్తుండె." నా తప్పుకు సాకు కూడా ఆమే వెతికిపెట్టింది. నేను దాన్ని పట్టుకుని కూర్చున్నాను. సిగ్గు లేకపోతే సరి.

పళ్లెంలో అన్నం, పప్పు పెట్టి, పక్కన కూర్చుని తన బిడ్డ సంగతి తీసింది. "మా ఎస్తేరుకు ఇంజనీరింగ్ సీటొస్తాంది. ఏ లైన్ దీస్కుంటె నౌకరి దొర్కుతదే? నాలుగేండ్లకు ఏది నడుస్తదో నీకెరికేనాయె."

కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాను. ఈసారి నిజం చెప్పాను. "నాకు తెలవదక్కా. నిజంగ తెలవదు."

ఆమె ముఖం చిన్నబోయింది. "కంపెనీలకు పుస్తకాలు పుస్తకాలు రాసిస్తవు. మా పిల్లకు ఒక్క ముక్క జెప్పనీకె తెల్వదా?" అంది నెమ్మదిగా. నా మాట ఎందుకు నమ్మకూడదో చెప్పాలంటే ఆ పేరా సంగతి చెప్పాలి, ఆ ఏసీ గది సంగతి, నా నామోషీ సంగతి చెప్పాలి. నేను తల వంచుకుని తిన్నాను. "సరె తియ్. తిను, సల్లారుతాంది" అని ఆమె అన్నం గంజు దగ్గరికి లేచిపోయింది. బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

రెండేళ్లకు రూతక్క పచ్చకామెర్లతో పోయింది. చర్చి బయట ఎస్తేరు నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. "అక్కా, ఒక ముచ్చట అడుగుత, ఏమనుకోకు. నువ్వు ఆ దినం ఏం జెప్పకుండ పోయినవని అమ్మ మస్తు బాధపడ్డది. స్వరూపకు నా మీద ఏం కోపముండెనో, నేనేం తప్పు మాట్లాడిన్నో అని అడుగుతనే ఉండె. ఏమన్న తప్పు మాట్లాడిందా అక్కా?"

"లేదమ్మా, ఆమె ఏ తప్పూ మాట్లాడలేదు" అన్నాను. అంతవరకే చెప్పాను.