ఇద్దరూ ఒక్కరేనని రాసిన కాగితం

ఆధార్‌లో నేను ఆడమనిషిని. పాన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో, ఓటరు లిస్టులో కూడా అంతే. ఆపరేషన్ అయ్యాక కలెక్టరు గారి సంతకంతో వచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి మారిపోయాయి. టెన్త్ సర్టిఫికెట్లో మాత్రం ఇంకా మగపిల్లాడినే. డిగ్రీలో ఫస్టు క్లాసులో పాసైన మగపిల్లాడిని. చదువుకున్నవాడికి ఉద్యోగం లేదు, ఉద్యోగం ఉన్నదానికి చదువు లేదు. ఇద్దరినీ ఒకే ఒంట్లో పెట్టుకుని నేను రోజూ చిలకలూరిపేట హైవే పక్కనున్న స్పిన్నింగ్ మిల్లు ఆఫీసుకి వెళ్లొచ్చేదాన్ని.

ఆ ఆఫీసులో నాది మూడేళ్లుగా తాత్కాలిక ఉద్యోగం. మేనేజరు మంచివాడే. "నీ పనికి వంక పెట్టడానికి లేదమ్మా. కాగితాలే బాలేవు. సర్టిఫికెట్లన్నీ ఒక పేరు మీదికి తెచ్చుకో, మర్నాడే పర్మనెంట్ చేయిస్తా" అన్నాడు. టెన్త్ బోర్డు వాళ్లనడిగితే పెద్ద లిస్టు ఇచ్చారు. అందులో అన్నిటికంటే చిన్నదిగా కనిపించింది ఒకటుంది: పాత పేరున్న మనిషీ, కొత్త పేరున్న మనిషీ ఒక్కరేనని తహసీల్దారు ఇచ్చే కాగితం. దానికి మా ఊళ్లో విచారణ జరగాలి. ఇంట్లోవాళ్లు నన్ను చూసి, ఔను, వీళ్లిద్దరూ ఒక్కరే అని చెప్పాలి. అంతే. నా చదువు నాకు రావడానికి మా అన్నయ్య నోటి నుంచి ఒక్క మాట రావాలి.

మా ఊరు పేటకి అరగంట దూరం. మిరప, పత్తి తప్ప వేరే సంగతి మాట్లాడటం అమర్యాదగా భావించే ఊరు. డిసెంబరులో వీఆర్వో గారు ఫైలు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చారు. నన్నూ రమ్మన్నారు. అయిదేళ్ల తర్వాత ఆ గడప దగ్గర నిలబడ్డాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు కాబట్టి వరండాలోనే నిలబడ్డాను. నాన్న పోయాక ఆ వరండాలో పడక్కుర్చీ అన్నయ్యకి వచ్చింది. చేను కూడా వచ్చింది. కాగితాల మీద రాలేదు గానీ, వచ్చింది.

"ఈ అమ్మాయి మీ తమ్ముడేనా అండీ?" అని అడిగారు వీఆర్వో గారు. అడిగిన తీరు తనకే నచ్చక, "అదే, మీ తమ్ముడే ఈ అమ్మాయా?" అని తిప్పి అడిగారు.

అన్నయ్య నన్ను పైనుంచి కిందికి, సంతలో గేదెని చూసినంత శ్రద్ధగా చూశాడు.

"ఎవరో తెలీదండి. మా తమ్ముడు డిగ్రీ అయ్యాక ఎటో పోయాడు. బతికున్నాడో లేడో."

"పోలికలున్నాయి కదండీ. కనుబొమ మీద మచ్చ కూడా టెన్త్ సర్టిఫికెట్లో రాసినట్టే ఉంది."

"మచ్చలకేముందండీ, అందరికీ ఉంటాయి. మా ఎద్దుకీ ఉండేది."

వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. అడగనందుకు ఆమె చాలా రుణపడి ఉన్నట్టు తల వంచుకుని పిక్కలు తీసింది.

అప్పుడు వదిన రెండు గ్లాసులతో మజ్జిగ తెచ్చింది. వీఆర్వో గారికి ఉప్పేసింది, నాకు వెయ్యనిది. నేను మజ్జిగలో ఉప్పు వేసుకోను. ఆవిడ కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ఈ సంగతి కనిపెట్టింది. ముక్కూ మొహం తెలియని మనిషి మజ్జిగ ఎలా తాగుతుందో ఈ ఇంటికి ఎలా తెలిసిందని వీఆర్వో గారు అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్తే ఆ పూట వదినకి అన్నం ఉండేది కాదు. మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, బస్సెక్కాను.

రిపోర్టు కాపీ పదిరోజులకి వచ్చింది. 'అర్జీదారుని కుటుంబ సభ్యులు గుర్తించలేదు.' నాలుగే మాటలు. వీఆర్వో గారి చేతిరాత చాలా బాగుంటుంది.

నేను పగబట్టే మనిషిని కాదు. కాకపోతే ఆ కాగితాన్ని లామినేషన్ చేయించాను. మంచం ఎదురుగా గోడకి తగిలించాను. పొద్దున్నే కళ్లు తెరిస్తే కొందరికి దేవుడు కనిపిస్తాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. బోర్డు వాళ్లు ఫైలు పక్కన పెట్టారు. మిల్లులో నా తర్వాత చేరిన ఇద్దరు పర్మనెంట్ అయ్యారు. వాళ్లకి పని నేర్పింది నేనే కాబట్టి స్వీట్ల పెట్టె ముందు నాకే ఇచ్చారు.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గరి టీకొట్టు నుంచి కబురొచ్చింది, ఎవరో మీ ఊరాయన వచ్చారని. వెళ్లి చూస్తే అన్నయ్య. భుజం మీద తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలోంచి జామకాయలు తొంగి చూస్తున్నాయి. అయిదేళ్లలో మొదటిసారి నాకోసం ఏదన్నా తెచ్చాడంటే, పని పెద్దదన్నమాట.

"ఏరా, బాగున్నావా?"

టీ పోసే ఆయన ఏరా ఎవరా అని చుట్టూ చూశాడు.

"ఎవరండీ మీరు?" అన్నాను.

"వేళాకోళాలొద్దు. నీతో పనుండి వచ్చా."

"తెలియనివాళ్లు పనుండే వస్తారండీ. కూర్చోండి."

కూర్చుని, టీ చల్లారేదాకా చెప్పాడు. మా వైపు మిరపకాయ ధర లేనప్పుడు రైతులు టిక్కీలు కట్టి, అంటే గోతాల్లో తొక్కి, గుంటూరు కోల్డ్ స్టోరేజిల్లో పెడతారు. దాన్ని 'ఏసీలో పెట్టడం' అంటారు. నాన్న ఉన్నప్పుడు ఏటా కొన్ని టిక్కీలు నా పేరున పెట్టేవాడు. అందుకని ఆ ఏసీ పుస్తకంలో నా పాత పేరు అలాగే ఉండిపోయింది. మొన్న మార్చిలో, అప్పిచ్చిన బ్యాంకువాళ్ల కంట పడకూడదని, అన్నయ్య పంటలో మంచికాయంతా ఆ పేరునే పెట్టాడు. బీరువాలో నా పాత ఆధార్ జిరాక్సు ఉందట. నన్నెవరో తెలీదని చెప్పిన మూడు నెలలకే నా జిరాక్సు ఎవరిదో గుర్తొచ్చింది.

ఇప్పుడు ధర వచ్చింది. కాయ బయటికి తీద్దామని వెళితే, ఆ ఏసీకి కొత్త మేనేజరొచ్చాడు. నిరుడు ఒకరి సరుకు ఇంకొకరు ఎత్తుకుపోయిన గొడవయ్యిందట. పుస్తకంలో పేరున్న మనిషే ఆధార్‌తో వచ్చి సంతకం పెట్టాలన్నాడు.

"ఒక్క సంతకమేరా. ఆ పాత సంతకం పెట్టేసెయ్, అయిపోద్ది."

"అది ఫోర్జరీ అవుతుందండీ. ఆ అబ్బాయి ఎటో పోయాడు కదా. బతికున్నాడో లేడో."

"ఎవరన్నారు?"

"రేపిదే వేళకి రండి, చూపిస్తా."

మర్నాడు గోడ మీది రిపోర్టు తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చదివాడు.

"దీనికి లామినేషన్ ఎందుకే?"

"చెమటకి తడవకుండా ఉంటుందని."

షరతు ఒక్కటే పెట్టాను. ఎమ్మార్వో ఆఫీసుకెళ్లి, ఇదివరకు చెప్పింది తప్పని రాసిచ్చి, ఆ తమ్ముడూ నేనూ ఒక్కరేనని వాంగ్మూలం ఇవ్వాలి. ఆ కాగితం నా చేతికొచ్చిన రోజున గుంటూరు వచ్చి సంతకం పెడతాను. నా సొంత సంతకం.

"ఓస్ అంతేనా" అన్నాడు. పాపం, ఎప్పుడూ అర్జీ పెట్టినవాడు కాదు.

ఆ దారిలో నేను పదకొండుసార్లు తిరిగాను. ఏ గుమాస్తా ఏ వారం ఉండడో, ఏ అఫిడవిట్ ముందు కావాలో, ఫోటో ఏ రంగు బ్యాక్‌గ్రౌండ్‌తో దిగాలో నాకు కంఠతా వచ్చు. ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు. మొదటిరోజు తహసీల్దారు గారు మీటింగుకి వెళ్లారు. రెండోసారి నోటరీ లేదన్నారు. మూడోసారి నోటరీ ఉంది గానీ సాక్షులు లేరు. ప్రతిసారీ ఫోన్ చేసేవాడు.

"ఇవాళ సర్వర్ లేదంట!"

"అయ్యో."

"ఆ గుమాస్తా, నేనేదో దొంగ కాగితం తెచ్చినట్టు మాట్లాడుతున్నాడే! అసలు మీరు ఈమె అన్నగారేనని రుజువేంటి అంటాడు!"

"అంత మాటన్నాడా!" అని ఎంతో బాధపడ్డాను. ఆ పూట మిల్లు క్యాంటీన్లో రెండు గారెలు ఎక్కువ తిన్నాను. పేపర్లో మిర్చియార్డు ధరల మూల చదివే అలవాటు కూడా నాకు ఆ నెలలోనే అయ్యింది. ధర కొంచెం కొంచెం దిగుతుంటే, దిగులుపడే మొహం పెట్టడం అద్దంలో చూసి నేర్చుకున్నాను.

ఎట్టకేలకి వాంగ్మూలం రోజు వచ్చింది. ఎమ్మార్వో ఆఫీసు వరండాలో ఆ వీఆర్వో గారే బల్ల వేసుకుని కూర్చున్నారు. చుట్టూ పాస్‌పుస్తకాల కోసం వచ్చిన మా ఊరి రైతులు ఏడెనిమిది మంది. వాళ్లని నేను పిలవలేదు. సోమవారం అర్జీల రోజని తెలిసి సోమవారమే పెట్టించానంతే.

"మీరు అప్పుడు తెలీదన్నారు కదండీ?" అన్నారు వీఆర్వో గారు.

"అప్పుడు కళ్లజోడు లేదండి" అన్నాడు అన్నయ్య.

"ఇప్పుడూ లేదు కదండీ."

వెనకాల ఒకాయన కిసుక్కుమన్నాడు. "ఇంతకీ ఎలా గుర్తుపట్టారో రాయాలి. గుర్తులేమన్నా చెప్పండి" అన్నారు వీఆర్వో గారు.

"ఎడమ కనుబొమ మీద దెబ్బ మచ్చండి. టెన్త్ సర్టిఫికెట్లో ఉంది."

"మచ్చలు అందరికీ ఉంటాయండీ, వాళ్ల ఎద్దుకీ ఉండేది" అన్నాను నేను వీఆర్వో గారితో. "ఆ మచ్చ ఎలా వచ్చిందో కూడా చెప్పమనండి. సొంతవాళ్లయితే తెలుస్తుంది కదా."

వీఆర్వో గారు నన్నొకసారి చూసి, పెన్ను కాగితం మీద ఆనించి, "చెప్పండి" అన్నారు.

అన్నయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"దెబ్బ తగిలిందండి."

"ఎలా?"

"పత్తికట్టెతో."

"ఎవరు కొట్టారు?"

"నేనేనండి."

"దేనికి?"

నా కేసి చూశాడు. 'ఇక చాలు' అనమని అడుగుతున్నాడని తెలిసింది. నేను గోడ మీద జనన మరణాల రిజిస్ట్రేషన్ నోటీసు చాలా శ్రద్ధగా చదువుతున్నాను.

"తను అమ్మ చీర కట్టుకుందని" అన్నాడు. "దొడ్లో, పత్తికట్టెల మోపు వెనకాల కట్టుకుని కూర్చుంటే చూశానండి. అప్పటికి పన్నెండేళ్లు ఉంటాయి. రక్తం కారుతుంటే, మోపు మీద పడ్డాడని నాన్నకి చెప్పాను."

వీఆర్వో గారు అంతా రాశారు. రాస్తూ, ఎవరితోనూ కాకుండా, "అయితే మీకు అప్పుడే తెలుసన్నమాట" అన్నారు. ఆ మాట మాత్రం రాయలేదు. మిగతాది పైకి చదివి వినిపించమని అడిగాను. రూలు ప్రకారం వినిపించాలి కూడా. ఆ మనిషి గొంతు పెద్దది. పాస్‌పుస్తకాల రైతులందరూ విన్నారు. సాయంత్రానికి ఊరంతా వినేసి ఉంటుంది. నేను పదిహేనేళ్లు మోపు మీద పడ్డ మనిషినే. ఆ రోజు నుంచి మానేశాను.

వారానికి కాగితం వచ్చింది. ఇద్దరూ ఒక్కరే అని, సంతకం, సీలు. మరుసటి రోజే గుంటూరు వెళ్లాం. ఏసీ బయట ఎండ మండుతోంది. తలుపు తీసినప్పుడల్లా చలీ, మిరప ఘాటూ కలిసి మొహాన కొడుతున్నాయి. హమాలీలు మూతులకి గుడ్డలు కట్టుకుని టిక్కీలు దించుతున్నారు. మేనేజరు నా ఆధారూ, తహసీల్దారు కాగితమూ పక్కపక్కన పెట్టుకుని చూసి, పుస్తకంలో పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాశాడు. నేను సంతకం పెట్టాను.

"సరుకు మీదేనమ్మా. ఏ లారీకి ఎక్కించమంటారు?" అని నన్నడిగాడు.

"అదిగో, ఆ పచ్చ లారీ" అన్నాను. కమిషన్ ఏజెంటుతో ముందురోజే మాట్లాడుకున్నాను.

అన్నయ్యకి అర్థమవడానికి మూడు టిక్కీలు ఎక్కేంత సేపు పట్టింది.

"ఏంటే ఇది? కాయ నాది!"

"పుస్తకంలో ఉన్న మనిషిదండీ. ఆ మనిషిని నేనేనని మీరే కదా స్టాంపు పేపరు మీద రాసిచ్చారు. ఊరందరూ విన్నారు."

"నేను పండించుకున్న కాయే!"

"నాన్న చేలో. సగం నాది కూడా. అయిదు పంటలు తీశారు, పచ్చట్లోకని ఒక్క మిరపకాయ పంపారా?"

పంపలేదు. హమాలీలు ఆగి చూస్తుంటే, గట్టిగా తిట్టడానికి నోరు తెరిచి, ఘాటు గొంతులోకి పోయి దగ్గు మొదలెట్టాడు. మిరపకాయకి కూడా ఒక్కోసారి మనిషి తెలుస్తుంది.

మరీ రాక్షసిని కాదు. ఒక టిక్కీ నిగనిగలాడే కాయ విడిగా తీయించి, ఆటోలో వేయించి, వదిన పేరు చెప్పి ఇంటికి పంపాను. ఉప్పు లేని మజ్జిగకి. అన్నయ్యకి మేనేజరుని అడిగి ఇంకో టిక్కీ ఇప్పించాను. తాలుకాయ. తెల్లబోయి, గింజ రాలి, ఎవరూ కొననిది. మా ఇంట్లో తెలియనివాళ్లకి అంతకంటే ఎక్కువ పెట్టే ఆనవాయితీ లేదు.

లారీ కదిలేటప్పుడు పక్కన నడుస్తూ వచ్చాడు. కళ్లలో నీళ్లు. మిరపవి కావచ్చు, కాకపోవచ్చు.

"ఎంతైనా నీ అన్నని కదే!"

"అయ్యుండొచ్చండీ" అన్నాను. "అర్జీ పెట్టుకోండి. విచారణ చేయిస్తాను."