శ్రేయోభిలాషి గారి పేరు

మా బాబాయికి ఒకే ఒక్క జబ్బు. తన దగ్గరున్న వస్తువు ఎవరిచ్చారో చెప్పకుండా ఉండలేడు. చొక్కా బాగుందంటే చాలు, "మా బావమరిది పెట్టింది" అంటాడు. గొడుగు, చెప్పులు, చేతి గడియారం, చివరికి జలుబు కూడా ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో పేరుపెట్టి చెప్తాడు. ఫ్యాన్లు బాగుచేసే తన కొట్లో కూర్చుని రోజంతా ఇదే పురాణం.

అలాంటి మనిషిని మా ఊరి కాంట్రాక్టరు ఒకాయన మా వార్డు ఎన్నికల్లో నిలబెట్టాడు. కాంట్రాక్టరు కూడా పోటీలో ఉన్నాడు; తాను గెలిస్తే మా చిన్న ఆస్పత్రిని పడగొట్టి దుకాణాలు కడతాడు. అతనికి అసలు పోటీ ఆ ఆస్పత్రి నర్సమ్మ. ఆవిడకు ఓటేసే ఇళ్లన్నీ బాబాయిని ఇష్టపడే ఇళ్లే కాబట్టి, ఆ ఓట్లు చీల్చడానికి బాబాయి కావాల్సి వచ్చాడు. జీపు, మైకు, పోస్టర్లు అన్నీ కాంట్రాక్టరే పంపాడు. ఎవరిచ్చారని అడిగితే మాత్రం "శ్రేయోభిలాషులు" అనాలని షరతు.

ఎందుకు ఒప్పుకున్నావని నిలదీస్తే, "ఇస్తానంటే వద్దంటే బాధపడతారురా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరికీ పైసా విదల్చని మా నాన్న కూడా, తమ్ముడి మూలంగా ఆస్పత్రి పోతే వీధిలో తలెత్తుకోలేమని పచార్లు చేశాడు. బాబాయి మాత్రం అద్దం ముందు నిలబడి "శ్రేయో... శ్రేయో..." అని సాధన చేస్తూనే ఉన్నాడు.

ఆఖరి సభ ఆస్పత్రి ఎదురుగానే పెట్టారు. గేటు దగ్గర నర్సమ్మ పాలిపోయిన ముఖంతో నిలబడింది. కాంట్రాక్టరు ఏమీ ఎరగనట్టు వెనక వరసలో కూర్చున్నాడు. అతని మనుషులిద్దరు వేదిక మెట్ల దగ్గర కాపు కాశారు.

బాబాయి మైకు అందుకున్నాడు. "ఈ మైకు..." అని ఆగాడు. కాంట్రాక్టరు మనుషులు ఒక మెట్టెక్కారు. "శ్రే... శ్రేయో..." అంటూ బాబాయి చెమట తుడుచుకున్నాడు.

"నోరు తిరగట్లేదండీ. ఇది కాంట్రాక్టరు గారిచ్చిన మైకు. జీపూ, ఈ దండా, మీరు కూర్చున్న కుర్చీలూ ఆయనవే. నర్సమ్మ ఓట్లు చీల్చమని నన్ను నిలబెట్టిందీ ఆయనే. ఇన్నిచ్చినాయన ఓటు కూడా నాకే వేస్తారు. మీరు మాత్రం నర్సమ్మకి వేయండి."

అప్పుడు ఆ మనుషులు మైకు తీగ పీకేశారు, కానీ పేరు బయటపడిపోయింది. జనం కాంట్రాక్టరు వైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టారు.

నోరు జారావా, కావాలనే అన్నావా అని ఇంటికొచ్చాక అడిగాను. "నేను కాదంటే ఇంకొకర్ని నిలబెట్టేవాడు. ఆ ఇంకొకడు పేరు చెప్పేవాడా?" అన్నాడు.

నర్సమ్మ గెలిచింది. బాబాయికి ఒకే ఒక్క ఓటు పడింది. అది ఎవరిచ్చారో చెప్పలేక ఆయన ఇప్పటికీ కొట్టుకుంటున్నాడు.

గెలిచిన మర్నాడు నర్సమ్మ మా ఇంటికొచ్చి, నేరుగా నాన్నకు నమస్కారం పెట్టింది.

"మీరిచ్చిన ఫ్యాన్లు లేకపోతే కాన్పుల గదిలో తల్లులు ఉడికిపోయేవారు అన్నగారూ. బిగించినప్పుడల్లా మీ తమ్ముడు 'ఇది మా అన్నయ్య ఇచ్చింది' అని మరీ చెప్పేవారు."

నాన్న జన్మలో ఎవరికీ ఫ్యాను ఇచ్చి ఎరగడు. బాబాయి వైపు చూశాడు. బాబాయి తలెత్తి మా ఇంటి కప్పును పరీక్షిస్తున్నాడు. లోకంలో అందరి పేర్లూ బయటపెట్టే మనిషి, తను ఇచ్చినవన్నీ అన్నయ్య పేరు మీద వేస్తున్నాడన్నమాట. ఆ క్షణంలో ఆయన నాకు ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"బాగా తిరుగుతున్నాయా అమ్మా?" అని అడిగాడు.